ఫండ్ శ్రేణి తర్వాత ఏముంది?



ఇది నోటిఫికేషన్ పోస్ట్ కాదు, స్కాలర్‌షిప్ పోస్ట్ కూడా కాదు. కొంచెం పొడుగ్గా ఉంటది. తీరిక దొరికినప్పుడు చదవండి. ఇంటర్‌లో ఎంపీసీ చేసినోళ్లు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి పెట్టుకుంటే ఇంకా మంచిది, మధ్యలో ఒక లెక్క ఉంది.

సెకండియర్ ఫిజిక్స్‌లో పరమాణువుల చాప్టర్ గుర్తుందా? లైమన్, బామర్, పాశ్చన్, బ్రాకెట్, ఫండ్. పరీక్షకు ముందు రాత్రి ఈ ఐదు పేర్లు వరుస తప్పకుండా అప్పజెప్పుకోని వాళ్లు మన హాస్టళ్లలో ఎవరూ ఉండరు. ఎలక్ట్రాన్ పై కక్ష్య నుంచి ఒకటో కక్ష్యలోకి పడితే లైమన్, రెండోదాంట్లోకి పడితే బామర్, అట్లా ఐదోదాంట్లోకి పడితే ఫండ్. అక్కడితో పుస్తకం ఆగుతది. పక్క పేజీలో ఎక్స్-కిరణాలో, కేంద్రకమో మొదలైతది. ఆరోదాంట్లోకి పడితే ఏమవుతుంది, అరవయ్యోదాంట్లోకి పడితే ఏమవుతుంది అని మేమైతే ఎప్పుడూ అడగలేదు. మార్కులు ఐదింటికే ఉన్నయి కదా.

మేం ముగ్గురం. బీఎస్సీ ఫైనలియర్. ఇద్దరం గోండులం, ఒకామె కొలాం. హాస్టల్‌లో ఒకే రూమ్. మా మూడిళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఈ ఏడు సెమినార్ టాపిక్‌లు పంచినప్పుడు లేజర్లు, సోలార్ సెల్స్, నానో మెటీరియల్స్ అన్నీ ముందు బెంచీలవాళ్లు తీసుకున్నరు. లిస్టు చివర ఒకటి మిగిలింది: నీహారికల్లో రేడియో రీకాంబినేషన్ రేఖలు. మా మేడమ్ "కష్టమైతది, మార్చుకుంటరా?" అని అడిగింది. మార్చుకోలేదు. మార్చుకోవడానికి వేరేది లేదు కూడా.

మొదట ఆకాశంలో ఆ చోటు చూపిస్తం. మన కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు మొదలైతది. చందమామ ఉండదు, చలి, నల్లటి ఆకాశం. ఆ రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు తల పైకెత్తితే నడినెత్తికి కొంచెం దక్షిణంగా మూడు చుక్కలు వరుసగా కనబడతయి. కార్తెల లెక్క తెలిసిన రైతులకు ఇది మృగశిర, ఆరుద్ర ఉన్న జాగా. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఓరియన్ అనే వేటగాడు. మా గోండు పెద్దవాళ్లు అక్కడ నాగలిని చూస్తరు. ఆ మూడు చుక్కల నుంచి కిందికి ఇంకో చిన్న వరుస వేలాడుతుంటది. దాని మధ్యలో ఉన్నది సూటిగా మెరవదు, మసగ్గా, పొగలాగా ఉంటది. అదే ఓరియన్ నెబ్యులా. మన నుంచి సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం.

అది నిజంగానే వాయువు మబ్బు, ఎక్కువ భాగం హైడ్రోజన్. దాని నడుమ కొత్తగా పుట్టిన చాలా వేడి నక్షత్రాలు ఉన్నయి. వాటి నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి హైడ్రోజన్ పరమాణువుకు తగిలితే ఎలక్ట్రాన్ ఊడిపోతది. అందుకు కావాల్సిన శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. ఇది మనం వందసార్లు రాసిన అంకె. ఊడిన ఎలక్ట్రాన్ కొంతకాలం తిరిగి ఇంకేదో ప్రోటాన్‌కు చిక్కుతది. దీన్నే రీకాంబినేషన్, అంటే పునఃసంయోగం అంటరు. చిక్కిన ఎలక్ట్రాన్ ప్రతిసారీ తిన్నగా కింది కక్ష్యలోకే రాదు. ఒక్కోసారి ఎక్కడో నూరో కక్ష్యలో, నూటయాభయ్యో కక్ష్యలో చిక్కుకుని అక్కణ్నుంచి మెట్టు మెట్టు దిగుతది. ప్రతి మెట్టుకూ ఒక ఫోటాన్ వదులుతది.

కింది మెట్ల మధ్య ఎత్తు ఎక్కువ. మూడు నుంచి రెండుకు పడితే 656.3 నానోమీటర్ల ఎర్ర కాంతి వస్తది. ఫోటోల్లో నెబ్యులాలు ఎర్రగా కనబడేది అందుకే. పైకి పోయే కొద్దీ మెట్లు దగ్గర దగ్గరైతయి. నూట పదో మెట్టు నుంచి నూట తొమ్మిదో మెట్టుకు దిగితే వచ్చే శక్తి ఎంత తక్కువంటే, అది ఇక కంటికి కనబడే కాంతి కాదు, రేడియో తరంగం.

ఇప్పుడు లెక్క. ఫార్ములా ఆ నాలుగు మార్కుల ఫార్ములానే. ఒకటి బై కింది కక్ష్య అంకె వర్గం, మైనస్ ఒకటి బై పై కక్ష్య అంకె వర్గం. దాన్ని హైడ్రోజన్‌కు సంబంధించిన రిడ్‌బర్గ్ పౌనఃపున్యంతో గుణించాలి. అది 3,288 లక్షల కోట్ల హెర్ట్జ్. 109 వర్గం 11,881. 110 వర్గం 12,100. రెండింటి తేడా 219. ఆ 219ని 11,881, 12,100ల లబ్ధంతో భాగించి 3,288 లక్షల కోట్లతో గుణించండి. దాదాపు 500 కోట్ల 90 లక్షల హెర్ట్జ్ వస్తది, అంటే 5,009 మెగాహెర్ట్జ్.

మేం ఈ లెక్క రాత్రి పదిన్నరకు, లైట్లు తీసేయమని కేక పడినంక, ఫోన్ వెలుగులో చేసినం. ముగ్గురం విడివిడిగా చేస్తే ముగ్గురికీ 5,009 వచ్చింది. తర్వాత మేడమ్ ఇచ్చిన కాగితాల్లో చూసినం. 1965లో హోగ్లుండ్, మెజ్గర్ అనే ఇద్దరు అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 43 మీటర్ల డిష్‌ను ఓరియన్ నెబ్యులా వైపు, ఒమేగా నెబ్యులా వైపు తిప్పి, ఈ రేఖనే పట్టుకున్నరు. దాని పేరు హెచ్109 ఆల్ఫా. పౌనఃపున్యం 5,009 మెగాహెర్ట్జ్. హెచ్ అంటే హైడ్రోజన్, 109 అంటే దిగిన మెట్టు, ఆల్ఫా అంటే ఒక్క మెట్టే దిగింది అని. రెండు మెట్లు ఒకేసారి దిగితే బీటా.

ఆ రాత్రి మాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆసిఫాబాద్ అడవుల నుంచి వచ్చిన ముగ్గురు ఆడపిల్లలు తెలుగు అకాడమీ పుస్తకంలోని ఫార్ములాతో, పది రూపాయల నోట్‌బుక్‌లో వేసిన అంకె, 1,350 కాంతి సంవత్సరాల అవతల నిజంగా ఉంది. ఫండ్ దగ్గర ఆగమని ఆ ఫార్ములాలో ఎక్కడా లేదు. ఆగింది సిలబస్.

ఈ రేఖల కథలో మాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. ఇవి కనబడతయని మొదట నమ్మలేదు. హాలండ్ శాస్త్రవేత్త వాన్ డి హుల్స్ట్ 1945లో ఒక పేపర్ రాసిండు. హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో రేఖ ఇయ్యగలదని ముందుగా చెప్పిన గొప్ప పేపర్ అదే. అదే పేపర్‌లో ఈ రీకాంబినేషన్ రేఖల గురించి కూడా లెక్క వేసి, చుట్టుపక్కల ఎలక్ట్రాన్లు, అయాన్ల విద్యుత్ క్షేత్రాల వల్ల అవి వెడల్పై చెదిరిపోతయి, కనబడవు అన్నడు. అంత పెద్దాయన అన్నంక చాలామంది ఆ వైపు చూడలేదు. 1959లో సోవియట్ యూనియన్‌లో నికోలాయ్ కర్దాషెవ్ అనే ఆయన మళ్లీ లెక్క వేసిండు. అప్పుడాయనకు 27 ఏండ్లు. రేఖలు అంత చెదరవు, మంచి టెలిస్కోప్ ఉంటే కనబడతయి అని తేల్చిండు. ఐదేండ్లకు, 1964లో సోవియట్‌లోనే రెండు బృందాలు చూపించినయి. పుల్కోవోలో హెచ్104 ఆల్ఫా, పుష్చినోలోని 22 మీటర్ల డిష్‌తో హెచ్90 ఆల్ఫా. మరుసటేడు గ్రీన్ బ్యాంక్ వాళ్లది.

అసలు బోర్ 1913లోనే దీనికి దారి చూపిండు. ల్యాబ్‌లో గాజు గొట్టాల్లో హైడ్రోజన్ నింపి చూస్తే బామర్ రేఖలు 12 మాత్రమే కనబడుతున్నయి, ఆకాశం నుంచి వచ్చే వర్ణపటాల్లో 33 ఉన్నయి, ఎందుకు? పై కక్ష్యలో ఎలక్ట్రాన్ ఉన్న పరమాణువు చాలా పెద్దది, దానికి చోటు కావాలి, గొట్టంలో అంత చోటు లేదు అని ఆయన జవాబు. మేం ఈ చోటు లెక్క కూడా వేసినం. కక్ష్య వ్యాసార్థం అంకె వర్గంతో పెరుగుతది. మామూలు హైడ్రోజన్‌ది 0.053 నానోమీటర్లు. 109తో అయితే దాదాపు 630 నానోమీటర్లు. అంటే ఒక్క పరమాణువు అడ్డం పొడవు మైక్రోమీటర్ దాటుతది, మైక్రోస్కోప్ కింద చూసే బ్యాక్టీరియా అంత. మనం పీల్చే గాలిలో అంత జాగాలో రెండున్నర కోట్ల పైన అణువులు కిక్కిరిసి ఉంటయి. అక్కడ అంత పెద్ద పరమాణువు ఎట్ల బతుకుతది? ఓరియన్ నెబ్యులాలో ఘన సెంటీమీటర్‌కు పది వేల స్థాయిలోనే కణాలు ఉంటయి. ఒకదానికొకటి సుమారు అర మిల్లీమీటర్ దూరం. కాబట్టి మా మైక్రోమీటర్ పరమాణువుకు కాళ్లు చాపుకోవడానికి బోలెడంత చోటు. మా రూమ్‌లో ముగ్గురికి రెండు మంచాలు. నెబ్యులాలో పరమాణువులకు మాకంటే సుఖం అని నవ్వుకున్నం.

మరి దాన్ని ఎట్ల వింటరు? ఇది చాలా ఓపిక పని. టెలిస్కోప్‌కు వచ్చే దాంట్లో ఎక్కువ భాగం రొద. రిసీవర్ సొంత వేడి నుంచి వచ్చే రొద, ఆకాశం రొద, నెబ్యులాలోనే ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల పక్క నుంచి వంగిపోతూ వదిలే, అన్ని పౌనఃపున్యాల్లో పరుచుకున్న రేడియో వెలుగు. ఆ వెలుగు మీద ఈ రేఖ చిన్న బొడిపెలాగా ఉంటది. 5,000 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ వెలుగులో కొన్ని శాతం. 300 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి వస్తే శాతంలో పదో వంతు స్థాయికి పడిపోతది.

మొదట చేసే పని తీసివేత. డిపోలో ఇప్పపువ్వు తూకం వేసేటప్పుడు ఖాళీ సంచి బరువు తీసేస్తరు కదా, అట్లనే. కాసేపు నెబ్యులా వైపు చూస్తరు, కాసేపు పక్కన ఖాళీ ఆకాశం వైపు చూస్తరు, రెండోదాన్ని మొదటిదాంట్లోంచి తీసేస్తరు. రెండో పని కూడిక. రేకుల ఇంటి మీద వాన దంచుతుంటే బయట నుంచి అవ్వ పిలిస్తే మొదటిసారి వినబడదు. కానీ వాన చప్పుడు క్షణక్షణం మారుతది, పిలిచే పేరు మారదు. నాలుగైదు సార్లు పిలిస్తే మన పేరే అని తెలిసిపోతది. టెలిస్కోప్ గంటల తరబడి అదే చేస్తది. రొద ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి, రేఖ మాత్రం ప్రతిసారి అదే చోట వచ్చి పోగవుతది. అయితే లాభం మెల్లగా వస్తది. రొద సగం కావాలంటే నాలుగింతల సేపు చూడాలి. పదో వంతు కావాలంటే వందింతలు.

ఇంకో ఉపాయం ఉంది, ఇది మాకు చాలా తెలివైనదిగా అనిపించింది. పక్కపక్క మెట్ల రేఖలు అన్నీ దాదాపు ఒకే ఆకారంలో ఉంటయి. అందుకే ఒక్క రేఖనే చూడకుండా చాలా రేఖల్ని ఒకేసారి రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తరు. గ్రీన్ బ్యాంక్‌లో ఇప్పుడున్న పెద్ద టెలిస్కోప్‌తో హెచ్87 నుంచి హెచ్93 దాకా ఏడు ఆల్ఫా రేఖల్ని ఇట్ల కలిపి, మన పాలపుంతలో అంతకుముందు తెలియని 448 చోట్ల అయనీకృత హైడ్రోజన్‌ను పట్టుకున్నరు. వాటిలో చాలావరకు కంటికి కనబడే కాంతిలో ఎన్నటికీ దొరకవు. మధ్యలో దుమ్ము అడ్డం. రేడియో తరంగాలకు ఆ దుమ్ము అడ్డం కాదు.

రేఖ దొరికితే ఏం తెలుస్తది అని సెమినార్‌లో తప్పకుండా అడుగుతరని తయారుగా పోయినం. ఉండాల్సిన చోటు నుంచి రేఖ ఎంత జరిగిందో చూస్తే ఆ మబ్బు మన వైపు వస్తోందో దూరం పోతోందో, ఎంత వేగంతోనో తెలుస్తది. వెడల్పు చూస్తే లోపల వాయువు ఎంత వేగంగా కదులుతోందో తెలుస్తది. సాధారణంగా సెకనుకు 25 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటది, మా 5,009 మెగాహెర్ట్జ్ దగ్గర అది 0.4 మెగాహెర్ట్జ్ వెడల్పు. రేఖ ఎత్తును వెనకున్న వెలుగుతో పోల్చితే ఉష్ణోగ్రత లెక్క దొరుకుతది, ఎనిమిది నుంచి పది వేల కెల్విన్లు. ఇక్కడ ఒక వింత ఉంది. పాలపుంత మధ్యకు దగ్గరగా ఉన్న మబ్బులు కొంచెం చల్లగా, అంచుల్లో ఉన్నవి కొంచెం వేడిగా ఉన్నయి. మధ్యలో ఆక్సిజన్, నైట్రోజన్ లాంటి బరువు మూలకాలు ఎక్కువ, అవి వేడిని కాంతిగా బయటికి పంపి మబ్బును చల్లబరుస్తయి. హైడ్రోజన్ రేఖ ఎత్తు కొలిచి ఆక్సిజన్ ఎక్కడ ఎక్కువ ఉందో చెప్పొచ్చు అన్నమాట. హైడ్రోజన్ రేఖ పక్కనే, రెండు మెగాహెర్ట్జ్ పైన, హీలియం రేఖ కూడా ఉంటది. కేంద్రకం బరువు మారితే రిడ్‌బర్గ్ స్థిరాంకం కొంచెం మారుతది, అంతే తేడా.

ఇక్కడ మన దేశం సంగతి చెప్పాలి. ఈ రేఖల మీద మంచి పని మన దగ్గర జరిగింది, మాకైతే డిగ్రీ మూడో ఏడు వచ్చేదాకా తెలియదు. ఊటీ దగ్గర ముత్తోరైలో 1970 నుంచి ఒక రేడియో టెలిస్కోప్ ఉంది. గోవింద్ స్వరూప్ గారి బృందం కట్టింది. 530 మీటర్ల పొడుగు, 30 మీటర్ల వెడల్పు, 24 పారాబోలా ఫ్రేముల మీద 1,100 స్టీల్ తీగలు లాగి కట్టిన తొట్టిలాంటి అద్దం. నీలగిరుల్లో, తోడ, కోట, కురుంబ, ఇరుల మన అన్నదమ్ముల గడ్డ మీద. అక్కడే ఎందుకంటే ఒక కొండవాలు కావాల్సి వచ్చింది. ఊటీ భూమధ్యరేఖకు సుమారు 11 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఉత్తర దక్షిణాలుగా సరిగ్గా 11 డిగ్రీలు వాలిన కొండ దొరికితే దాని మీద పడుకోబెట్టిన పొడుగు టెలిస్కోప్ అక్షం భూమి అక్షానికి సమాంతరం అయితది. అప్పుడు ఒక్క దిక్కున తిప్పుతూ పోతే చాలు, ఆకాశంలో ఒక చోటును గంటల తరబడి వెంబడించొచ్చు. గుట్ట వాలునే మెషిన్‌లో ఒక భాగం చేసుకున్నరు. గుట్టల్లో పుట్టినోళ్లం, ఇది చదివి మాకు భలే అనిపించింది.

ఆ టెలిస్కోప్ 327 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తది. క్యాలిక్యులేటర్ ఇంకా తెరిచే ఉంటే 272 వేసి చూడండి, 325 వస్తది. బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అనంతరామయ్య గారు 1980లలో ఊటీలో ఈ హెచ్272 ఆల్ఫా రేఖనే చూసిండు. తర్వాత అనీష్ రోషి గారితో కలిసి 270 నుంచి 273 దాకా నాలుగు రేఖల్ని కలిపి పాలపుంత లోపలి భాగమంతా జల్లెడ పట్టినరు. ప్రకాశంగా కనబడే నెబ్యులాల బయట కూడా పల్చటి అయనీకృత వాయువు చాలా దూరం పరుచుకుని ఉందని ఆ పనిలో తేలింది. గట్టి మబ్బుల్లో అంత పెద్ద పరమాణువుల రేఖలు చెదిరిపోతయి, పల్చటి చోటే నిలుస్తయి. అందుకే పల్చటి వాయువును వెతకడానికి పెద్ద అంకె రేఖలే సరైనవి.

మనమే ఒకటి కట్టి చూడొచ్చు కదా అని కూడా ఆలోచించినం. అట్టపెట్టె, అల్యూమినియం రేకుతో హారన్ యాంటెనా చేసి పాలపుంత 21 సెంటీమీటర్ల రేఖను పట్టిన విద్యార్థులు చాలామంది ఉన్నరు. అది 1,420.4 మెగాహెర్ట్జ్. హెచ్166 ఆల్ఫా 1,424.7 దగ్గర, పక్క వీధిలో ఉన్నట్టే ఉంటది. మేడమ్ను అడిగితే మాతోనే లెక్క చేయించింది. చిన్న హారన్ ఒకేసారి ఇరవై డిగ్రీల ఆకాశం చూస్తది. నెబ్యులాలో రేడియోలో బాగా వెలిగే భాగం చందమామ కంటే చిన్నది. ఆ కాస్త వెలుగు అంత ఆకాశంలో కలిసి మునిగిపోతది. కాబట్టి 21 సెంటీమీటర్ల రేఖ హారన్‌తో దొరుకుతది, ఇది మాత్రం పెద్ద డిష్‌లకే. జూనియర్లు హారన్ చేయండి, మంచిదే, కానీ ఏది దొరుకుతదో తెలిసి చేయండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేం. 1,400 నుంచి 1,427 మెగాహెర్ట్జ్ దాకా ఎవరూ ఏ ప్రసారమూ చేయకూడదని అంతర్జాతీయ నియమం ఉంది. హెచ్166 ఆల్ఫా అందులో భద్రంగా ఉంది. హెచ్167 ఆల్ఫా 1,399.4, కొంచెంలో గీత బయట పడింది, పాపం. ఇక గ్రీన్ బ్యాంక్ చుట్టూ 1958 నుంచి చట్టం ప్రకారం రేడియో నిశ్శబ్ద ప్రాంతం ఉంది. అంటే టవర్లు, ట్రాన్స్‌మిటర్లు లేని చోటు కోసం శాస్త్రవేత్తలు కొండల చాటు లోయలు వెతుక్కుంటరు. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసు కోసం మేం ముగ్గురం మూడు వేరే వేరే గుట్టలెక్కినోళ్లమే. ఒక్క గీత సిగ్నల్ కోసం చెట్టు కొమ్మకు ఫోన్ కట్టినోళ్లమే. ఆ ఊళ్లు టెలిస్కోప్‌కు బాగా పనికొస్తయట. అట్లని మా ఊరికి టవర్ వద్దని మాత్రం మేం అనం. టవర్ రావాల్సిందే.

సెమినార్‌కు ముందు వారం సెలవులకు ఇళ్లకు పోయినం. మాలో ఒకామె తాత అడిగిండు, ఏం చదువుతున్నవ్ బిడ్డా అని. తెలుగులో చెప్తే సగం తెలుగు, సగం ఇంగ్లిష్ మాటలే వస్తున్నయి. అయనీకరణం అంటే ఏందో ఆయనకు తెలియదు. మాకూ ఆ మాట తెలుసు తప్ప గోండిలో దాన్ని ఎట్ల చెప్పాలో తెలియదు. చివరికి ఆమె గోండిలో నిచ్చెనతో మొదలుపెట్టింది. కింద మెట్లు దూరం దూరం, పైన మెట్లు దగ్గర దగ్గర ఉన్న నిచ్చెన. మంట వేడికి కింద పడ్డవాడు మళ్లీ ఏ మెట్టు దొరికితే అది పట్టుకుంటడు, ఒక్కో మెట్టు దిగుతుంటే ఒక్కో చప్పుడు వస్తది. ఎత్తు మెట్టుకు పెద్ద చప్పుడు, పొట్టి మెట్టుకు చిన్న చప్పుడు. తాత అంతా విని "నాగలి దగ్గర పొగలా ఉంటదే, అదేనా?" అన్నడు. అదే అన్నది. "అది చుక్క కాదని మాకు ముందే తెలుసు. మంట ఉందని నువ్వు చెప్తే తెలిసింది" అన్నడు. ఆమె సెమినార్‌లో నిచ్చెన బొమ్మనే మొదటి స్లైడ్ పెట్టింది. గోండిలో చెప్పినప్పుడు ఎక్కడ తడబడిందో అక్కడే మాకు విషయం సరిగ్గా అర్థం కాలేదని తెలిసి, ఆ పేజీలు మళ్లీ చదివినం.

ఆమె బాపు మాత్రం వేరే ప్రశ్న అడిగిండు. "ఇది చదివితే ఏమొస్తది?" అని. ఇంట్లో సంబంధాలు చూస్తున్నరు. డిగ్రీ అయినంక బీఈడీ చెయ్, ఆశ్రమ పాఠశాలలో టీచర్ పోస్టు వస్తది, ఊరి దగ్గరే ఉంటవ్ అని ఆయన మాట. తప్పుడు మాటేం కాదు. టీచర్ జీతంతో నిలబడ్డ ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నయో మీకందరికీ తెలుసు. ఆమె ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాస్తనంటోంది, ఫిజిక్స్‌లో. ఆ ప్రశ్నకు మా దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. ఈ రేఖల వల్ల పోడు పట్టా రాదు, ఊరికి రోడ్డు రాదు. కానీ పూణెలోని ఎన్‌సీఆర్ఏ, బెంగళూరులోని రామన్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ఇదే పని జీతానికి చేసేవాళ్లు ఉన్నరని, బీఎస్సీ పిల్లల కోసం పూణెలో రేడియో ఆస్ట్రానమీ వింటర్ స్కూల్ నడుపుతరని చెప్పినం. ఆయన "అక్కడ మనోళ్లు ఎవరన్నా ఉన్నరా?" అని అడిగిండు. మాకు తెలిసినోళ్లు ఎవరూ లేరు. ఈ గ్రూపులో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి, నిజంగా కావాలి. దారి తెలిసిన ఒక్క మనిషి దొరికితే ఆయనకు ధైర్యం వస్తది. ఎంట్రన్స్ ఫారం మాత్రం నింపింది. ఫీజు ముగ్గురం వేసుకున్నం.

సెమినార్ బాగానే జరిగింది. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చినం, ఎవరూ ఏమనలేదు. చివర్లో ఫస్టియర్ అమ్మాయి, ఉట్నూర్ వైపు నుంచి వచ్చింది, లేచి అడిగింది: "అక్కా, ఆ మెట్టు అంకె ఎంత దాకా పోతది?"

ఈ ప్రశ్న అడుగుతరని అనుకోలేదు, కానీ జవాబు చదివి ఉన్నం. హైడ్రోజన్‌తో కాదు, కార్బన్‌తో చాలా పైకి పోతది. కార్బన్‌కు ఎలక్ట్రాన్ ఊడాలంటే 11.3 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. అందుకే హైడ్రోజన్ మామూలుగా ఉన్న చల్లటి మబ్బుల్లో కూడా నక్షత్రాల వెలుతురుకు కార్బన్ అయనీకరణం అయితది. 1980లో ఉక్రెయిన్‌లోని యూటీఆర్-2 టెలిస్కోప్‌తో క్యాసియోపియా-ఎ దిక్కున 26 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక రేఖ దొరికింది. మొదట నైట్రోజన్ అనుకున్నరు, తర్వాత అది కార్బన్ 631 ఆల్ఫా అని తేలింది. అక్కడ రేఖ బొడిపెలాగా ఉండదు, గుంటలాగా ఉంటది. వెనకున్న వెలుగును మబ్బు మింగుతది. 2007 నాటికి వెయ్యి దాటిన మెట్లు కూడా చూసినరు. ఆ పరమాణువు అడ్డం పొడవు మిల్లీమీటర్‌లో పదో వంతు, తల వెంట్రుక మందం అంత. మన హిందూపురం దాటి కర్ణాటకలోకి పోగానే గౌరీబిదనూర్ వస్తది. అక్కడ వెయ్యి డైపోల్ యాంటెనాలతో కట్టిన టెలిస్కోప్‌తో 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర కార్బన్ 575 ఆల్ఫా చూసినరు.

ఆ అమ్మాయి 575 అంకె రాసుకుపోయింది. నిన్న మెస్‌లో కనబడి నోట్‌బుక్ చూపించింది, 34.501 వచ్చింది అక్కా అని. కూడికలు, భాగహారాలు అన్నీ సరిగ్గా ఉన్నయి. హైడ్రోజన్ రిడ్‌బర్గ్ వేసింది, కార్బన్ కేంద్రకం బరువు వేరే కదా, దానిది వేస్తే 34.518 వస్తది. ఎట్ల మార్చాలో ఈ ఆదివారం మా రూమ్‌లో కూర్చుని చేస్తం.